ఆమె సీట్లో కూర్చుని నేను చేసిన పని

సింగపూర్‌లో ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వీడ్కోలు రోజున మాట్లాడినవాళ్ళు నేను చేసిన మంచి పనులన్నీ ఏకరువు పెట్టారు. వాటిలో సగం నాకే కొత్త. వాళ్ళకు తెలియని పని ఒకటుంది. ఉద్యోగాల్లో కొత్తగా కుదురుకుంటున్న పిల్లలు, ముఖ్యంగా చేతికింద నలుగురు పనిచేసే స్థాయికి ఇప్పుడే వచ్చినవాళ్ళు చదువుతారని దాన్నిక్కడ రాస్తున్నాను.

సైన్స్ పార్క్‌లో మాదొక చిన్న ఆఫీసు. పాత పత్రికల్ని కంప్యూటర్లో వెతుక్కోవడానికి వీలుగా తయారుచేసేవాళ్ళం. ఎక్కడెక్కడి గ్రంథాలయాలో తమ దగ్గరున్న పాత సంచికల్ని పేజీకొక ఫొటో తీసి పంపేవి. యంత్రం ఆ ఫొటోల్ని చదివి అక్షరాలుగా మార్చేది. యంత్రం తడబడ్డచోట మనిషి చూసి సరిచేయాలి. ఆ మనుషుల మీద నేను సూపర్‌వైజర్ని.

ఒక ఏడాది అమెరికా నుంచి ఒక చిత్రమైన పని వచ్చింది. అక్కడి ఒక చిన్న కాలేజీలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, విద్యార్థులే నడుపుకున్న మాసపత్రిక అది. ఆ పని మీద ఇద్దరిని పెట్టాను. ఒకావిడది కాకినాడ. నలభై దాటిన మనిషి. భర్త ఇక్కడే పోయాక కూతురి చదువు కోసం ఉండిపోయింది. ఈ ఉద్యోగం చూపించింది నేనే. ఉద్యోగం ఉంటేనే ఆవిడకు పాస్, పాస్ ఉంటేనే ఈ దేశంలో ఉండనిస్తారు. టాంపినీస్‌లో మా బ్లాకుకి రెండు బ్లాకుల అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. కూతురు మా ఆవిడని ఆంటీ అంటూ మా ఇంట్లో చనువుగా తిరిగేది. ఆ ఏడాది ఆ పిల్ల ఇక్కడి పెద్ద పరీక్ష రాయాలి, మన పదో తరగతి లాంటిది. రెండోవారు చైనీస్ పెద్దాయన. పూర్వం ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. ఆయన్ని అందరం అంకుల్ అనేవాళ్ళం.

మామూలుగా మా గదిలో మీటల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ పత్రిక వచ్చాక నవ్వులు మొదలయ్యాయి. చలికాలంలో మూడంతస్తులు బొగ్గు మోసుకెళ్ళి గదిలో పొయ్యి వెలిగించుకోవాల్సి వస్తోందని ఒకడి గోల. గ్రంథాలయం రోజుకు రెండు గంటలే తెరుస్తున్నారని, ఆ రెండు గంటలూ తమకు క్లాసులుంటున్నాయని ఇంకొకడి ఫిర్యాదు. వర్షం వస్తే తరగతికి వెళ్ళే దారంతా మోకాలి లోతు బురదని, కాలేజీవారు పడవలు కొనిపెట్టాలని ఒక సంపాదకీయం.

ఒకరోజు కాకినాడావిడ పని ఆపి, "సార్, ఇది వినండి. వీళ్ళ మెస్సులో వెన్న ముక్కిపోయి ముక్కిపోయి దానికి బలం బాగా పెరిగిపోయిందంట, పడవ పందేల జట్టులోకి తీసుకోవచ్చంట" అంది.

"మన హాస్టల్లో సాంబారుకి ఆ భయం లేదు. దానికి లేచి నిలబడే ఓపికే ఉండేది కాదు" అన్నాను.

వాళ్ళ ఫిర్యాదులన్నిటిలోకీ పెద్దది పొద్దుటి ప్రార్థన గురించి. రోజూ తెల్లవారగానే కాలేజీ ప్రార్థన మందిరానికి ప్రతి విద్యార్థీ హాజరు కావాలి. ఎవరి సీటుకి వాళ్ళకి ఒక నంబరు. పైన మేడ మీద ఒక మానిటరు నిలబడి కిందకు చూస్తాడు. ముఖాలతో ఆయనకు పనిలేదు, ఖాళీగా కనబడిన సీట్ల నంబర్లు రాసుకుపోతాడు. ఒక టర్ములో ఇన్ని గైర్హాజర్లని ఒక హద్దు. హద్దు దాటితే సస్పెన్షన్. దాంతో కుర్రాళ్ళు ఉపాయాలు వెతికారు. ఒకడు తన ఓవర్‌కోటూ టోపీ సీట్లో నిలబెట్టి వెళ్ళి పడుకున్నాడట. పైనుంచి చూస్తే తల వంచుకుని ప్రార్థన చేస్తున్నట్టే ఉందట. మా క్లాసులో ఇంత భక్తిపరుడు ఇంకొకడు లేడు, తల ఎత్తిన పాపాన పోలేదని పత్రిక రాసింది.

అది చదివి అంకుల్ బల్ల చరిచాడు. "చోప్ చేశాడు లా! మనం హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తాం, వాడు కోటు పెట్టి దేవుడి దగ్గర చోప్ చేశాడు!" హాకర్ సెంటర్లంటే ఇక్కడి తిండి అంగళ్ళు, అక్కడ ముందుగా సీటు ఆపుకోవడాన్ని చోప్ అంటారు.

ఆ తర్వాత నెల సంచికలో నవ్వు రాని వార్త ఒకటి వచ్చింది. మూడో ఏడాది చదువుతున్న ఒక పేద కుర్రాణ్ణి, ప్రార్థనకు గైర్హాజరయ్యాడని సస్పెండ్ చేశారు. ప్రొఫెసర్ల ఇళ్ళల్లో పొయ్యిలు రాజేసి ఫీజు కట్టుకునేవాడట. రోజూ అందరికన్నా ముందు లేచేవాడికి గైర్హాజరేమిటని పత్రిక ఆశ్చర్యపోయింది. కాకినాడావిడ కూడా ఆశ్చర్యపోయింది.

"ఏదో ఉంది సార్ ఇందులో. తర్వాత సంచికలో తేలుతుంది చూడండి" అని రోజూ అనేది. మధ్యాహ్నం టీ దగ్గర కూడా అదే మాట. తర్వాత సంచిక వచ్చింది. మొదటి పేజీలో విషయసూచిక ఉంది. అందులో "ప్రార్థన మందిరం సీట్ల గురించి సంపాదకునికి ఉత్తరం" అని ఒక వరుస. తీరా చూస్తే ఆ ఉత్తరం ఉండాల్సిన రెండు పేజీలూ లేవు. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఫొటో తీసినవాళ్ళు గమనించకుండా రెంటినీ కలిపి తిప్పేశారు. మా తెరమీద ఆ రెండు పేజీల స్థానంలో బూడిదరంగు మచ్చ మాత్రం కనబడేది.

ఇక్కడ మా పని పద్ధతి కాస్త చెప్పాలి. ప్రతి పేజీని మూడు గుర్తుల్లో ఏదో ఒకటి పెట్టి ముగించాలి. సరిచూశాం, చదవలేం, ఖాళీ పేజీ. "చదవలేం" అని పెడితే ఆ పేజీ అమెరికాకు తిరిగి వెళ్ళి, వాళ్ళు మళ్ళీ ఫొటో తీసి పంపేదాకా ఆ సంచిక ముగియదు. "ఖాళీ" అని పెడితే అక్కడితో ముగిసిపోతుంది. కాకినాడావిడ "చదవలేం" అని పెట్టింది.

అది శుక్రవారం. సాయంత్రానికి ఆ సంచికల కట్ట అమెరికాకు పంపిస్తానని మా డైరెక్టర్‌కి మాట ఇచ్చాను. డైరెక్టర్ ఇక్కడే పుట్టి పెరిగిన తమిళావిడ. మంచి మనిషి, కానీ గడువు దాటితే చిరునవ్వుతోనే చంపేస్తుంది.

"ఈ రెండు పేజీల కోసం రెండు వారాలు ఆపుతామా అమ్మా?" అన్నాను.

"ఆ ఉత్తరం అందులోనే ఉంది సార్. సూచికలో ఉందిగా. ఉన్నదాన్ని ఖాళీ అని ఎలా పెడతామండీ?"

"సరే, భోంచేసి రండి" అన్నాను.

పేజీ మీద చివరికి మిగిలిన గుర్తు పక్కన, అది పెట్టినవాళ్ళ ఉద్యోగి నంబరు ఉంటుంది. ఇంకొకరు పెట్టిన గుర్తును నా నంబరుతో మార్చాలంటే కారణం రాయాలి. ఆ కారణాలన్నీ వారానికోసారి డైరెక్టర్ ముందుకు వెళ్తాయి. అందుకని నేనొక అడ్డదారి కనిపెట్టుకున్నాను. భోజనానికి వెళ్ళేటప్పుడు మావాళ్ళు కంప్యూటర్లు తెరిచే వదిలి వెళ్ళేవాళ్ళు. ఆ సీట్లో కూర్చుని, వాళ్ళ నంబరు మీదే మిగిలిన చిన్నాచితకా పేజీలు ముగించేవాణ్ణి. నిజంగా ఖాళీగా ఉన్న అట్టలూ, వెనక పేజీలూ. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. "సార్ ముగించేస్తార్లే" అని నవ్వుకుంటూ మకాన్‌కి, అంటే భోజనానికి, వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నేళ్ళుగా అదే అలవాటు. చెడ్డపని చేస్తున్నానన్న ఊహే ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఆమె సీట్లో కూర్చున్నప్పుడు మాత్రం ఆ ఊహ వచ్చింది. అయినా "చదవలేం" తీసేసి "ఖాళీ పేజీ" పెట్టాను. ఒకసారి పెడితే సరిపోదు, రెండు పేజీలు కదా, రెండుసార్లు పెట్టాను. సాయంత్రం కట్ట వెళ్ళింది. డైరెక్టర్ బొటనవేలు బొమ్మ పంపింది.

సోమవారం కాకినాడావిడ అడిగింది. "ఆ పేజీలు అమెరికాకి పంపారా సార్?"

"పంపాం" అన్నాను. కట్టతోపాటు పంపాం కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నెల తిరిగేలోపు గ్రంథాలయం నుంచి మెయిలు వచ్చింది. సూచికలో ఉత్తరం ఉంది, మీరు ఖాళీ అని ధ్రువీకరించారు, మా పుస్తకంలో చూస్తే కాగితాలు అతుక్కుని ఉన్నాయి, ఈ ధ్రువీకరణ ఎవరిదని అడిగారు. మా ఒప్పందం ప్రకారం, ఉన్న పేజీని లేదని చెప్పడం పెద్ద తప్పు. మిగతా సంచికలన్నిటినీ కూడా అనుమానించాల్సి వస్తుందని వాళ్ళు రాశారు. సరిగ్గా ఆ వారమే కాకినాడావిడ పాస్ పొడిగింపు కాగితాలు డైరెక్టర్ బల్ల మీద ఉన్నాయి.

డైరెక్టర్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచింది. తెరమీద నంబరు చూపించి, "ఇది నీదే కదా?" అని ఆమెను అడిగింది.

"నాదే మేడమ్. కానీ నేను చదవలేమని పెట్టాను."

"లాగ్‌లో అలా లేదే. ఖాళీ అని ఉంది, నీ నంబరు మీద, నీ సీటు నుంచి." ఆపైన నా వైపు తిరిగింది. "ఆమె నంబరు ఇంకెవరైనా వాడతారా?"

నేను చెప్పిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎవరి నంబరు వాళ్ళే వాడాలన్నది రూలు, మేడమ్."

రూలు చెప్పాను. అందులో ఒక్క మాటా తప్పు కాదు. జీవితంలో నేనాడిన అతి పెద్ద అబద్ధం అదే. కాకినాడావిడ నా వైపు చూసింది. నేను గోడమీద ఉన్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఆవిడ డైరెక్టర్ వైపు తిరిగి, "నేను చెప్పాల్సింది చెప్పాను మేడమ్" అంది.

బయటికి వచ్చాక లిఫ్టు దగ్గర ఆగింది. గొంతు పెంచలేదు.

"మీరు నా సీట్లో కూర్చోవడం అంకుల్ చూశారు సార్. మేడమ్‌కి నేను చెప్పనా అని, మెయిలు రాగానే అడిగారాయన. వద్దన్నాను. మీరే చెప్తారు, ఉద్యోగం చూపించిన మనిషి, ఆయన నోటితోనే చెప్తారన్నాను."

"చెప్తానమ్మా. కొంచెం సమయం చూసుకుని..."

"సరేనండి" అంది.

నేను సమయం చూసుకుంటూనే ఉన్నాను. మొదటి వారం డైరెక్టర్ కోపంగా ఉందని ఆగాను. రెండో వారం ఆవిడ ఊళ్ళో లేదు. అంతలో ఆ పేజీలు మళ్ళీ ఫొటో తీసి పంపుతామని గ్రంథాలయం వాళ్ళు సర్దుకున్నారు కాబట్టి, డైరెక్టర్ కూడా సర్దుకుంటుందేమో, అనవసరంగా కెలకడమెందుకనుకున్నాను. మూడో వారం పాస్ పొడిగించడం లేదని కాగితం వచ్చింది. నెలరోజుల్లో దేశం వదలాలి. కూతురి పరీక్షలకు ఇంకా నాలుగు నెలలుంది.

వెళ్ళే ముందు రోజు తల్లీ కూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ బట్టలు పెట్టింది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఉన్న ముఖంతో సోఫాలో కూర్చుంది. మా ఆవిడ ఓదార్చబోతే ఒక్కసారిగా తల్లి మీద విరుచుకుపడింది.

"జస్ట్ వన్ క్లిక్ లా, మమ్మీ! చెక్ చేసుకోవచ్చు కదా. నా స్కూల్ పోయింది, నా ఫ్రెండ్స్ పోయారు. నువ్వు చూసుకోకుండా క్లిక్ చేసినందుకు!"

తల్లి నా పేరెత్తలేదు. చేతిలో కాఫీ గ్లాసు అలాగే పట్టుకుంది. నేను అదే గదిలో, ఆ పిల్లకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. లేచి, విమానం ఎన్నింటికని అడిగి, ట్యాక్సీ మాట్లాడతానని బాల్కనీలోకి వెళ్ళాను.

మర్నాటి నుంచి అంకుల్ నాతో భోజనానికి రావడం మానేశాడు. హాకర్ సెంటర్లో రోజూ తన ప్యాకెట్ ఒకటి, నాకోసం ఒకటి పెట్టి రెండు సీట్లు ఆపేవాడు. ఆ రోజు నుంచి ఒక్కటే పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే పోట్లాడి ఉండేవాణ్ణి.

వాళ్ళు వెళ్ళిపోయిన పది రోజులకు ఆ రెండు పేజీలూ కొత్త ఫొటోలుగా వచ్చాయి. అక్కడెవరో జాగ్రత్తగా కాగితాలు విడదీశారు. ఆమె పేజీలు చూసే మనిషి లేదు కాబట్టి నేనే చూశాను.

ఉత్తరం రాసినవాడు ఆ పేద విద్యార్థి స్నేహితుడు. వీడికి తెల్లవారి లేవడం బద్ధకం. టర్ము సగం కాకముందే గైర్హాజర్ల హద్దు అంచుకు వచ్చేశాడు. ఇంకొక్కటి పడితే ఇంటికి పంపిస్తారు. అప్పుడు ఆ పేద కుర్రాడు తన సీటు ఖాళీగా వదిలి వీడి సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకింకా కొన్ని మిగిలి ఉన్నాయిలే, నీకు లేవు కదా అన్నాడట. మానిటరు సీటు చూశాడు, మనిషిని చూడలేదు. వీడి నంబరు నిండుగా ఉంది, వాడి నంబరు ఖాళీగా ఉంది. లెక్క తప్పి చివరికి వాడే హద్దు దాటాడు. రోజూ ప్రార్థనకు వచ్చినవాణ్ణి రాలేదని పంపేశారు. పరుపు మీద పడుకున్నవాడు కాలేజీలో మిగిలాడు.

ఇదంతా నాలుగు వాక్యాల్లో ఉంది. ఆ రెండు పేజీల్లో మిగిలినదంతా సంజాయిషీ. ముందే చెప్పేవాణ్ణి కానీ పరీక్షలు వచ్చాయి. మా నాన్నగారి ఆరోగ్యం బాగాలేదు. అధ్యాపకులే మనసు మార్చుకుంటారనుకున్నాను. ఇప్పుడతను ఏదో పల్లెబడిలో పాఠాలు చెబుతూ సంతోషంగానే ఉన్నాడని విన్నాను. నూరేళ్ళకు పైగా వెనక, సముద్రానికి అవతల ఉన్న ఒక బద్ధకస్తుడు నా మూడు వారాలనూ వరస తప్పకుండా రాసి పెట్టాడు. అంత చదివీ నేను చేసిన పని ఏమిటంటే, "సరిచూశాం" అని గుర్తుపెట్టి ఆ పేజీలు ముగించాను. ఈసారి నా నంబరుతోనే.

తర్వాత ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. భోజన సమయంలో ఎవరి సీట్లోనూ కూర్చోలేదు. దాన్నే ప్రాయశ్చిత్తంగా లెక్కేసుకున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి స్థితిలో ఉంటే ఒక మాట చెప్పాలి. తప్పు మళ్ళీ చేయకపోవడం మనకు మంచిది. మొదటి తప్పువల్ల నష్టపోయినవాళ్ళకు అందులో ఏమీ దక్కదు.

రిటైరయ్యాక ఒక ఉదయం టాంపినీస్ హాకర్ సెంటర్లో అంకుల్ కనిపించాడు. బాగా వంగిపోయాడు. నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. కుశల ప్రశ్నలేమీ లేకుండా, "ఆమెకు ఫోన్ చేశావా?" అన్నాడు.

"నంబరు లేదు అంకుల్."

"నా దగ్గర ఉంది లా. ప్రతి కొత్త సంవత్సరానికీ గ్రీటింగ్ పెడుతుంది." ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "రాసుకో. నా ముందే రాసుకో."

రాసుకున్నాను. నాలుగు రోజులు తటపటాయించి ఒక మధ్యాహ్నం చేశాను. ఆవిడ నా గొంతు గుర్తుపట్టింది. కాకినాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు చూస్తోందట. అమ్మాయికి ఆ ఏడాది పోయింది, మరుసటి ఏడు అక్కడే చేరింది, ఇప్పుడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. నేను క్షమాపణ మొదలుపెట్టబోయాను.

"ముందు ఒక్కటి చెప్పండి సార్. ఆ ఉత్తరంలో ఏముంది? నాకు చూసే వీలు లేకపోయింది."

ఆ పత్రిక ఇప్పుడు అందరికీ తెరిచి ఉంది. నా ముందు తెరచుకునే కూర్చున్నాను. ఒక్కో వాక్యం చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. సంజాయిషీలు కూడా వదలకుండా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది, ఆ పిల్లాడు తిరిగి కాలేజీకి వచ్చాడా అని. తర్వాతి సంచికల్లో ఎక్కడా ఆ మాట లేదన్నాను.

"ఉత్తరం కింద పేరు పెట్టాడా?"

"లేదమ్మా. ఒక విద్యార్థి అని ఉంది."

అవతల కుక్కరు కూత వేసింది. ఆవిడ వెళ్ళి కట్టేసి వచ్చింది.

"మరి ఆ పిల్లాడికి ఏం లాభమండీ, పేరు పెట్టకుండా రాస్తే?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. ఇక నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ చెప్పలేకపోయాను. "రెండు రోజులు టైమివ్వండి" అని పెట్టేశాను.

జరిగింది ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ముందు మూడు పేజీలు వచ్చింది. చదువుకుంటే పరీక్షలూ, నాన్నగారి ఆరోగ్యమూ తప్ప అన్నీ ఉన్నాయి. గడువు ఉంది, అలవాటు ఉంది, అప్పటి ఒత్తిడి ఉంది. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే చివరికి ఐదు వాక్యాలు మిగిలాయి. ఫలానా శుక్రవారం భోజన సమయంలో ఆమె సీట్లో కూర్చుని, ఆమె పెట్టిన గుర్తు తీసేసి, ఆ రెండు పేజీలను ఖాళీ అని పెట్టింది నేను. అవి ఖాళీ కావని నాకు అప్పుడే తెలుసు. ఆ గుర్తు తనది కాదని ఆమె మీకు చెప్పింది. మీరు అడిగినప్పుడు నేను నిజం దాచాను. ఆమె రికార్డు సరిచేయండి. కింద పూర్తి పేరు, ఉద్యోగి నంబరు, ఇంటి చిరునామా రాసి సంతకం చేశాను. డైరెక్టర్‌కి, ఆ గ్రంథాలయానికి, కాకినాడకు ఒకేసారి పంపాను.

డైరెక్టర్ మర్నాడే రెండు ముక్కల్లో జవాబిచ్చింది, రికార్డు మార్చామని. గ్రంథాలయం వాళ్ళకు ఆ సంగతే గుర్తున్నట్టు లేదు, అందినట్టు ఒక మెయిలు పంపారు. కాకినాడ నుంచి వారం దాకా ఏమీ లేదు. నేను కూడా ఫోన్ చేయలేదు. క్షమ అడిగి తెచ్చుకునేది కాదు కదా.

ఎనిమిదో రోజున ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది.

"చదివాను సార్. మా అమ్మాయి సెలవలకి ఇంటికొస్తే చూపించాను. రెండుసార్లు చదివింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది, చాలాసేపు."